రిండర్‌పెస్ట్ నిర్మూలన: టీకా నుండి నిఘా వరకు భారతదేశ అనుభవం

వ్యాససంగ్రహం

పశుజాతిని శతాబ్దాలపాటు పీడించిన రిండర్‌పెస్ట్ వ్యాధి ప్రపంచమంతటా నిర్మూలమైనట్లు 2011లో అధికారిక ప్రకటన వెలువడింది. మశూచి తరువాత మానవ ప్రయత్నంతో అంతరించిన రెండవ వ్యాధి ఇదే. దీనిని టీకా సాధించిన విజయంగా చెప్పుకోవడం పరిపాటి. అయితే భారతదేశంలో సామూహిక టీకా కార్యక్రమం 1954లో మొదలైనా వ్యాధి 1995 వరకు కొనసాగింది. ఈ నాలుగు దశాబ్దాల జాప్యానికి గల కారణాలను, దానికి తెరదించిన విధాన మార్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. టీకా వ్యాధిని తగ్గించిందని, వ్యాధిని వెతికే పద్ధతిని, సరైన సమయంలో టీకాను ఆపే నిర్ణయాన్ని ప్రభుత్వ విధానం స్వీకరించిన తరువాతనే నిర్మూలన సాధ్యమైందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రిండర్‌పెస్ట్, పశువైద్య చరిత్ర, ముక్తేశ్వర్, టీకా, వ్యాధి నిఘా, పిపిఆర్, ప్రభుత్వ విధానం.

1. ఉపోద్ఘాతం

యంత్రాలు రాకముందు తెలుగు నేలపై సేద్యమంటే కాడెద్దులే. ఏరువాక ముందు ఎద్దు చనిపోతే ఆ ఏడు పొలం బీడు పడేది. అప్పు చేసి మరో ఎద్దును కొన్న రైతు ఆ భారాన్ని ఏళ్ళ తరబడి మోయవలసి వచ్చేది. పశువులకు తెగులు తగిలినప్పుడు గ్రామదేవతకు జాతర చేయడం, బలి రక్తం కలిపిన అన్నాన్ని ఊరి పొలిమేర వెంట పొలి చల్లడం వంటి ఆచారాలు ఆ భయానికి ఆనవాళ్ళు. రోగం పొలిమేర దాటి లోపలికి రాకూడదన్నది పొలి చల్లడంలోని భావన. పశువుల తెగులు బయటినుండి వస్తుందన్న అనుభవజ్ఞానం ఆ ఆచారంలో ఇమిడి ఉందని భావించవచ్చు. రిండర్‌పెస్ట్ నిర్మూలన చరిత్రలో చివరకు నిర్ణాయకమైన ప్రశ్న కూడా ఇదే: వ్యాధి ఎక్కడ దాగి ఉంది, ఏ దారిన వస్తోంది?

ఈ చరిత్రను పరిశోధనశాలల కోణం నుండి చూస్తే క్రమంగా మెరుగుపడిన టీకాల కథగా కనిపిస్తుంది. పరిపాలన కోణం నుండి చూస్తే ప్రణాళికలు, లక్ష్యాలు, నిధుల కథగా కనిపిస్తుంది. ఈ రెండూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ ఒకదానికొకటి అడ్డుపడ్డాయో గమనించినప్పుడే నలభై ఏళ్ళ జాప్యం అర్థమవుతుంది.

2. వ్యాధి స్వభావం, ప్రపంచ నేపథ్యం

రిండర్‌పెస్ట్ వైరస్ మార్బిల్లివైరస్ ప్రజాతికి చెందినది. మనుషులకు వచ్చే తట్టు, కుక్కలకు వచ్చే డిస్టెంపర్, గొర్రెలు మేకలకు వచ్చే పిపిఆర్ వ్యాధుల వైరస్‌లు దీనికి దగ్గరి బంధువులు. వ్యాధి సోకిన పశువుకు తీవ్రమైన జ్వరం వచ్చి, కళ్ళనుండి ముక్కునుండి స్రావాలు కారి, నోటిలో పుళ్ళు ఏర్పడి, దుర్వాసనతో కూడిన విరేచనాలు పట్టుకుంటాయి. శరీరంలోని నీరంతా పోయి పశువు కొద్ది రోజుల్లోనే మరణిస్తుంది. అంతకుముందు ఈ వ్యాధి ఎరుగని మందల్లో మరణాలు నూటికి ఎనభై, తొంభై వరకు ఉండేవి.

ఆఫ్రికా అనుభవం దీనికి ఉదాహరణ. 1880ల చివరలో ఎర్ర సముద్ర తీరంలోని మసావా రేవు ప్రాంతంలో ప్రవేశించిన ఈ వ్యాధి పదేళ్ళలోపే ఆఫ్రికా దక్షిణ భాగానికి చేరింది. ఇటలీ సైన్యం కోసం తెచ్చిన భారతీయ పశువులతోనే అది అక్కడికి వెళ్ళిందని చరిత్రకారులలో అనేకులు భావిస్తారు. ఇథియోపియాలో పశుసంపద అత్యధిక భాగం నశించి, 1888-92 మధ్య ఘోరమైన కరువు సంభవించింది.

ఐరోపాలో ఈ వ్యాధి సంస్థల నిర్మాణానికే కారణమైంది. 1762లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో తొలి పశువైద్య పాఠశాల వెలసిన నేపథ్యం ఇదే. 1902లో మారిస్ నికోల్, అదిల్ బే అనే శాస్త్రవేత్తలు ఇస్తాంబుల్‌లో పరిశోధన జరిపి, బాక్టీరియాను ఆపే వడపోతను కూడా దాటిపోయే సూక్ష్మమైన కారకం ఈ వ్యాధికి మూలమని నిరూపించారు. 1920లో భారతదేశం నుండి బ్రెజిల్‌కు వెళుతున్న పశువులు బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో ఆగినప్పుడు అక్కడ వ్యాధి ప్రబలింది. ఆ ఘటన పర్యవసానంగా 1924లో 28 దేశాల ఒప్పందంతో అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ పారిస్ కేంద్రంగా ఏర్పడింది. బ్రెజిల్‌లో కూడా 1921లో వ్యాధి కనిపించడంతో భారతీయ పశువుల దిగుమతిపై ఆంక్షలు వచ్చాయి. నెల్లూరు పేరుమీదుగా ‘నెలోర్’ అని అక్కడ ప్రసిద్ధి పొందిన ఒంగోలు జాతి సముద్రం దాటిన చరిత్రలో ఈ ఆంక్షలు ఒక ముఖ్య ఘట్టం. తెలుగు నేలకు చెందిన పశుజాతి అంతర్జాతీయ వాణిజ్యానికి, ఈ వ్యాధి నియంత్రణకు ఉన్న సంబంధాన్ని ఇది సూచిస్తుంది.

ఇంత భయంకరమైన వ్యాధిలోనే దాని నిర్మూలనకు అనువైన లక్షణాలు కూడా ఉన్నాయి. వైరస్ శరీరం వెలుపల ఎక్కువకాలం బ్రతకలేదు. పశువునుండి పశువుకు దగ్గరి సంపర్కంతోనే ప్రధానంగా వ్యాపిస్తుంది. కోలుకున్న పశువు జీవితాంతం రక్షణ పొందుతుంది. వైరస్‌ను తనలో దాచుకొని మోయదు. వైరస్ వంశాలు భిన్నమైనా ఒకే టీకా అన్నింటినీ ఎదుర్కొంటుంది. అంటే వ్యాధి కొనసాగాలంటే ఎప్పటికప్పుడు కొత్త పశువులు దొరకాలి. సంక్రమణ గొలుసు ఒక్కచోట పూర్తిగా తెగితే వ్యాధి అక్కడితో ఆగిపోతుంది.

3. వలసపాలన కాలం: చట్టం, విచారణ సంఘం, పరిశోధనశాల

మద్రాసు ప్రెసిడెన్సీ 1866లోనే పశువ్యాధుల చట్టం చేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు ఆ ప్రెసిడెన్సీలోనివే. 1868లో ఏర్పడిన భారత పశు మహమ్మారి విచారణ సంఘం హాలెన్ నాయకత్వంలో దేశంలోని పశువ్యాధులను పరిశీలించి 1871లో నివేదిక సమర్పించింది. అప్పటికి బ్రిటన్ 1865-67 నాటి వ్యాధి వ్యాప్తిని రోగపశువుల వధ ద్వారా, రాకపోకల నిషేధం ద్వారా అణచివేసింది. భారతదేశంలో ఆ మార్గం సాధ్యం కాలేదు. గోవధపట్ల ప్రజల మనోభావాలు ఒక కారణమైతే, నష్టపరిహారానికి వలస ప్రభుత్వం ఖజానా తెరవడానికి ఇష్టపడకపోవడం మరొక కారణం. వధ సాధ్యం కానిచోట ప్రభుత్వానికి మిగిలిన ఆశ వైద్యశాస్త్రమే. భారతదేశంలో రిండర్‌పెస్ట్ విధానం మొదటినుండి పరిశోధనశాల మీద ఆధారపడడానికి మూలం ఇక్కడ ఉంది.

1889లో పూనాలో ప్రారంభమైన ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లేబొరేటరీని 1893లో కుమావోన్ కొండల్లోని ముక్తేశ్వర్‌కు తరలించారు. ప్రమాదకరమైన సూక్ష్మజీవులతో పని చేయడానికి జనావాసాలకు దూరమైన ఆ చల్లని కొండప్రాంతం అనువైనదని భావించారు. దక్షిణాఫ్రికాలో రిండర్‌పెస్ట్ మీద పని చేసిన రాబర్ట్ కోచ్ 1897లో భారతదేశానికి వచ్చినప్పుడు ముక్తేశ్వర్‌ను సందర్శించాడు. ఈ సంస్థే తరువాతి కాలంలో భారత పశువైద్య పరిశోధన సంస్థగా రూపొందింది.

తొలి దశాబ్దాల్లో ముక్తేశ్వర్ ప్రధానంగా తయారుచేసింది సీరం. కోలుకున్న పశువుల రక్తంనుండి తీసిన ఈ ద్రవం ఇచ్చే రక్షణ తాత్కాలికం. సీరంతోపాటు వ్యాధికారక రక్తాన్ని కూడా ఎక్కించే పద్ధతి దీర్ఘకాల రక్షణ ఇచ్చేది. కానీ దానివల్ల వ్యాధి కొత్తచోట్లకు పాకే ప్రమాదం ఉండేది, ఖర్చు కూడా అధికం. అందువల్ల ఆనాటి పశువైద్యుడు వ్యాధి వచ్చిన ఊరికి పరుగెత్తడం తప్ప, రాకముందే నివారించగలిగే స్థితిలో లేడు.

4. మేకల కణజాల టీకా: సాధన, పరిమితి

1920లలో ముక్తేశ్వర్ సంచాలకుడు జె.టి. ఎడ్వర్డ్స్ ఈ స్థితిని మార్చాడు. వైరస్‌ను ఒక మేకనుండి మరొక మేకకు వందలసార్లు ఎక్కిస్తూ పోగా, పశువుల్లో ప్రాణాంతక వ్యాధిని కలిగించే శక్తి తగ్గి, రక్షణ కలిగించే శక్తి మిగిలింది. సీరం తోడు లేకుండానే దీనిని వాడవచ్చని తేలింది. మేకల కణజాలంనుండి తయారైన ఈ టీకా చౌకైనది. దానిని భారీ ఎత్తున తయారు చేయడం సాధ్యమైంది. దీని తయారీ రాష్ట్రాల సంస్థలకు కూడా విస్తరించింది.

ఈ టీకా మైదాన ప్రాంతపు దేశవాళీ పశువులకు సరిపడింది. విదేశీ జాతులకు, సంకరజాతి పశువులకు, కొన్ని కొండప్రాంతపు పశువులకు మాత్రం టీకా వైరసే ప్రమాదకరమయ్యేది. వాటికోసం కుందేళ్ళలో, కోడిగుడ్ల పిండాలలో బలహీనపరచిన వైరస్‌తో చేసిన టీకాలను వాడవలసి వచ్చింది. పాడి అభివృద్ధికోసం ప్రభుత్వం సంకరజాతి పశువులను ప్రోత్సహించిన కొద్దీ ఈ పరిమితి ఒక విధాన సమస్యగా మారింది. పాల ఉత్పత్తిని పెంచే విధానమే పాత టీకాను తట్టుకోలేని పశువుల సంఖ్యను పెంచింది.

దీనికి పరిష్కారం కెన్యాలోని ముగుగా పరిశోధనశాలనుండి వచ్చింది. వాల్టర్ ప్లోరైట్ తన సహచరులతో కలిసి దూడ మూత్రపిండ కణాల్లో వైరస్‌ను పెంచి, అన్ని జాతుల పశువులకూ సురక్షితమైన టీకాను రూపొందించాడు. ఒక్క మోతాదు దీర్ఘకాల రక్షణ ఇచ్చేది. ఈ కృషికి 1999లో ఆయనకు ప్రపంచ ఆహార బహుమతి లభించింది. భారతదేశం కూడా క్రమంగా ఈ కణవర్ధన టీకాకు మారింది. అయితే తయారైన చోటునుండి పశువు మెడదాకా టీకాను చల్లగా ఉంచాలి. మారుమూల పల్లెల విషయంలో ఈ కోల్డ్ చైన్ ఒక పరీక్షగానే మిగిలింది.

5. 1954 కార్యక్రమం: విజయం, ప్రతిష్టంభన

1951 పశుగణన ప్రకారం దేశంలో సుమారు 15.5 కోట్ల గోజాతి పశువులు, 4.3 కోట్ల గేదెజాతి పశువులు ఉన్నాయి. ఈ సుమారు 20 కోట్ల పశువుల్లో ప్రతి అయిదింటిలో నాలుగింటికి టీకా వేయాలన్న లక్ష్యంతో 1954లో జాతీయ రిండర్‌పెస్ట్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. నూటికి ఎనభై పశువులు రక్షణ పొందితే మిగిలిన ఇరవైకి వ్యాధి చేరే అవకాశం సన్నగిల్లుతుందన్నది దీని తర్కం. ఏటా వేలచోట్ల ప్రబలే వ్యాధి దశాబ్దం తిరిగేసరికి కొన్ని వందల చోట్లకు తగ్గింది. స్వతంత్ర భారతదేశంలో ప్రజా పశువైద్యం సాధించిన తొలి గొప్ప ఫలితం ఇది.

ఆ తరువాత తగ్గుదల ఆగిపోయింది. 1960ల మధ్యనుండి 1980ల దాకా వ్యాధి తక్కువ స్థాయిలో మొండిగా నిలిచి ఉంది. టీకా మోతాదుల సంఖ్య ఏటా కోట్లలో ఉన్నా ఈ స్థితి మారలేదు. దీనికి మూడు కారణాలను గుర్తించవచ్చు.

మొదటిది మందల సహజ మార్పు. ప్రతి ఏడాదీ కొత్త దూడలు పుడతాయి. తల్లినుండి వచ్చిన ప్రతిరక్షకాలు కొన్ని నెలలు దూడను కాపాడుతాయి. అదే సమయంలో టీకా పనిచేయకుండా అడ్డుకుంటాయి కూడా. ఆ రక్షణ తగ్గిన తరువాత టీకా అందని దూడలే వైరస్‌కు ఆశ్రయం. ఒకసారి ఎనభై శాతం సాధించినంత మాత్రాన మరుసటి ఏడు అది నిలవదు.

రెండవది చేరువలోని లోపం. టీకా బృందానికి సులభంగా దొరికేది రోడ్డు పక్క ఊరి పశువు, కట్టుకొయ్యకు కట్టిన పాడి గేదె. మేతకోసం నెలల తరబడి వలసపోయే మందలు, అడవి అంచుల పశువులు, సంతనుండి సంతకు చేతులు మారే పశువులు దొరకవు. ఒకే పశువుకు పదేపదే టీకా పడి, మరొక పశువుకు ఒక్కసారైనా పడకపోయినా మొత్తం మోతాదుల లెక్కలో తేడా కనిపించదు.

మూడవది కొలమానానికి సంబంధించినది. శాఖల పనితీరును వేసిన టీకాల సంఖ్యతో కొలిచినంత కాలం ఆ సంఖ్య పెరగడమే విజయంగా పరిగణన పొందింది. వైరస్ ఎక్కడ మిగిలి ఉందన్న ప్రశ్నకు ఆ సంఖ్యలో సమాధానం లేదు. నిర్మూలనకోసం మొదలైన కార్యక్రమం ఈ విధంగా నిరంతర నియంత్రణగా స్థిరపడిపోయింది.

6. గొర్రెల వ్యాధి కలిగించిన సందిగ్ధత

దక్షిణ భారతదేశంలో సమస్య మరింత జటిలం. ఇక్కడ గొర్రెల్లో, మేకల్లో కూడా రిండర్‌పెస్ట్ వంటి వ్యాధి కనిపిస్తూ వచ్చింది. జ్వరం, నోటి పుళ్ళు, విరేచనాలు అనే లక్షణాలను బట్టి దానిని రిండర్‌పెస్ట్‌గానే నమోదు చేసేవారు. ఈ నమోదులు నిజమైతే దక్కన్ పీఠభూమిలో గొల్ల, కురుమ కాపరుల వెంట ఊళ్ళు దాటే లక్షలాది గొర్రెలన్నీ వైరస్‌కు నిలయాలని అర్థం. అప్పుడు పశువులకు ఎన్ని టీకాలు వేసినా నిర్మూలన దుస్సాధ్యమే.

1987లో తమిళనాడులోని అరసూరు గ్రామంలో గొర్రెలకు వచ్చిన వ్యాధి ఈ అవగాహనను మార్చింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఎం.ఎస్. శైల, ఆమె సహపరిశోధకులు జరిపిన పరీక్షల్లో అది అంతవరకు ప్రధానంగా ఆఫ్రికాకు, అరేబియాకు పరిమితమనుకున్న పిపిఆర్ అని తేలింది. ఈ ఫలితం 1989లో ప్రచురితమైంది. రిండర్‌పెస్ట్ వైరస్ గొర్రెలకు సోకలేదని దీని అర్థం కాదు. ఆ పేరుతో నమోదైన గొర్రెల వ్యాధుల్లో చాలావాటిని మళ్ళీ పరిశీలించవలసి వచ్చింది. రెండు వైరస్‌లను వేరుచేసి గుర్తించే జన్యుపరీక్షలు, ప్రత్యేక ప్రతిరక్షకాలపై ఆధారపడిన ఎలైజా పరీక్షలు అందుబాటులోకి వచ్చిన తరువాతనే ఈ సందిగ్ధత తొలగింది.

ఈ పరిశోధన కొత్త టీకాను ఇవ్వలేదు. శత్రువు ఎవరో, ఎవరు కాదో తేల్చింది. నిర్మూలన విధానానికి అప్పుడు అత్యవసరమైనది ఆ స్పష్టతే. గొర్రెల మందలన్నిటినీ రిండర్‌పెస్ట్ స్థావరాలుగా లెక్కించే అవసరం తప్పడంతో, అసాధ్యంగా కనిపించిన లక్ష్యం సాధ్యమైన లక్ష్యంగా మారింది.

7. వెతకడం, ఆపడం

1992లో ఐరోపా సంఘం సహాయంతో జాతీయ రిండర్‌పెస్ట్ నిర్మూలన ప్రాజెక్టు ప్రారంభమైంది. వ్యాధి పరిస్థితిని బట్టి దేశాన్ని నాలుగు మండలాలుగా విభజించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా భాగమైన దక్షిణ ద్వీపకల్పం వ్యాధి చివరిదాకా నిలిచిన ప్రాంతం. అక్కడ ముమ్మరంగా టీకాలు వేసి, వ్యాధి కనుమరుగైన తరువాత టీకా ఆపి నిఘాకు మారడం ప్రణాళిక. ప్రపంచస్థాయిలో ఆహార వ్యవసాయ సంస్థ 1994లో ప్రారంభించిన కార్యక్రమం కూడా 2010ని గడువుగా పెట్టుకొని ఇదే దిశలో సాగింది.

పశుసంవర్ధక శాఖల సిబ్బంది చేసే పని స్వభావం ఇక్కడ మారింది. ఎంపిక చేసిన ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి వ్యాధి లక్షణాలను వాకబు చేయడం, పశువులు నడిచే దారులను, సంతలను గమనించడం, పశువైద్యశాలల రోజువారీ పుస్తకాల్లో అనుమానాస్పద కేసులను వెతకడం కార్యక్రమంలో ప్రధానాంశాలయ్యాయి. గణాంక పద్ధతిలో ఎంచుకున్న గ్రామాలనుండి రక్తనమూనాలు సేకరించి పరీక్షించారు. నమూనాల ప్రణాళికలో, ఫలితాల విశ్లేషణలో బెంగళూరులోని పశువ్యాధుల పర్యవేక్షణ విభాగం కీలకపాత్ర వహించింది. ‘ఎన్ని టీకాలు వేశారు?’ అన్న ప్రశ్న స్థానంలో ‘ఎక్కడ వెతికారు, ఏం దొరికింది?’ అన్న ప్రశ్న వచ్చింది.

భారతదేశంలో చివరి వ్యాధి వ్యాప్తి 1995లో తమిళనాడులోని ఉత్తర ఆర్కాటు ప్రాంతంలో నమోదైంది. చిత్తూరు జిల్లాకు సరిహద్దునే ఉన్న ఈ ప్రాంతంలోనే, రాణిపేటలో, పశువుల టీకాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఉంది. టీకా తయారీకి చేరువగా ఉండడమొక్కటే వ్యాధిని అడ్డుకోలేదన్న వాస్తవాన్ని ఈ భౌగోళిక సామీప్యం గుర్తుచేస్తుంది.

అత్యంత కఠినమైన నిర్ణయం దీని తరువాత తీసుకున్నదే. టీకా పొందిన పశువు రక్తంలోను, వ్యాధినుండి కోలుకున్న పశువు రక్తంలోను కనిపించే ప్రతిరక్షకాలు ఒకే విధంగా ఉంటాయి. నాటి పరీక్షలు వాటిని వేరుచేయలేవు. అందువల్ల టీకా కొనసాగినంతకాలం వైరస్ లేదని నిరూపించడం సాధ్యం కాదు. అంతేకాక, టీకా కొంతవరకే చేరిన మందల్లో వ్యాధి స్పష్టమైన లక్షణాలు చూపకుండా దాగి ఉండవచ్చు. నిజం తెలియాలంటే టీకా ఆపాలి. ఆపిన తరువాత వ్యాధి తిరిగివస్తే ఆ నష్టం రైతుది, నింద ప్రభుత్వానిది. తరతరాలుగా రక్షణకవచంగా భావించిన దానిని వదులుకోవడం పశువైద్య యంత్రాంగానికి వృత్తిపరంగానూ, పాలకులకు రాజకీయంగానూ సాహసమే. నిఘా మీద నమ్మకం ఏర్పడిన తరువాతనే ఆ సాహసం సాధ్యమైంది.

1990ల చివరలో దశలవారీగా టీకా నిలిచిపోయింది. 1998లో భారతదేశం తాత్కాలిక విముక్తిని ప్రకటించుకుంది. 2004 మేలో వ్యాధినుండి, 2006 మేలో వైరస్ సంక్రమణనుండి విముక్తి పొందిన దేశంగా అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ గుర్తించింది. ప్రపంచంలో చివరిసారిగా ఈ వ్యాధి 2001లో కెన్యాలోని అడవి దున్నల్లో కనిపించింది. 2011 మే 25న పారిస్‌లో అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ, జూన్ 28న రోమ్‌లో ఆహార వ్యవసాయ సంస్థ రిండర్‌పెస్ట్ నిర్మూలనను ప్రకటించాయి. పరిశోధనశాలల్లో మిగిలిన వైరస్ నిల్వలను తగ్గించే పని ఆ తరువాత కూడా కొనసాగింది. బ్రిటన్‌లోని పిర్‌బ్రైట్ సంస్థ తన నిల్వలను 2019లో ధ్వంసం చేసింది.

8. ముగింపు

రిండర్‌పెస్ట్ అనుభవాన్ని ఇతర వ్యాధులకు యథాతథంగా అన్వయించడం సరికాదు. గాలికుంటు వైరస్‌లో పరస్పర రక్షణ ఇవ్వని రకాలు ఉన్నాయి. కోలుకున్న పశువుల్లో అది కొంతకాలం దాగి ఉండగలదు. 2019లో దేశంలో తొలిసారి గుర్తించిన లంపీ చర్మవ్యాధి ఈగలు, దోమల వంటి కీటకాల ద్వారా వ్యాపిస్తుంది. రిండర్‌పెస్ట్‌కు ఉన్న అనుకూలతలు వీటికి లేవు. స్వభావంలో దానికి దగ్గరైనది పిపిఆర్. 2030 నాటికి దానిని ప్రపంచంలో లేకుండా చేయాలని అంతర్జాతీయ సంస్థలు లక్ష్యంగా పెట్టుకున్నాయి. దానికి భారతదేశంలోనే రూపొందిన టీకాలు ఉన్నాయి. వాటిలో ఒకటి అరసూరునుండి సేకరించిన వైరస్‌తో తయారైనదే. గొర్రెల పెంపకం విస్తారంగా ఉన్న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల కాపరులకు ఇది నేరుగా జీవనోపాధికి సంబంధించిన విషయం.

టీకా ఉన్నంత మాత్రాన నిర్మూలన జరగదని రిండర్‌పెస్ట్ చరిత్ర స్పష్టం చేస్తుంది. దేశంలో ఆ టీకా ఉంది, దాన్ని వేసే యంత్రాంగమూ ఉంది. అయినా మూడు దశాబ్దాలపాటు వ్యాధి తక్కువ స్థాయిలో కొనసాగింది. గొర్రెల మంద చిన్న వయసులోనే అమ్ముడుపోయి త్వరత్వరగా మారుతుంది కాబట్టి, పిపిఆర్ విషయంలో మోతాదుల లెక్క మరింత మోసపూరితం కాగలదు. కార్యక్రమం విజయాన్ని వేసిన టీకాలతో కొలవాలా, వెతికిన ఊళ్ళతో కొలవాలా అన్న ప్రశ్నను మొదటే తేల్చుకోవలసి ఉంది. పూర్వం ఊరివారు పొలిమేర వెంట పొలి చల్లుతూ రోగం వచ్చే దారిని మూయాలని తలచారు. నాలుగు దశాబ్దాల టీకాల తరువాత ప్రభుత్వ యంత్రాంగం కూడా ఆ దారులను, సంతలను, వలస మందలను వెతకడం మొదలుపెట్టినప్పుడే రిండర్‌పెస్ట్ కథ ముగిసింది.